దూలయ్య చేసిన నెత్తురు పెట్టె

జూలూరుపాడు అవతల అడవి అంచున ఉన్న సర్కారు దవాఖానాలో దూలయ్య పని నెత్తురు పరీక్షల గాజుపలకలు కడగడం. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. పాడైన రేడియో కనిపిస్తే విప్పాల్సిందే. మొండితనం అంతకు రెండింతలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

అతని తొమ్మిదేళ్ల కూతురు దుర్గకు తరచూ కీళ్లనొప్పులు. అది నెత్తుటి కణాలు కొడవలిలా వంగిపోయే కొడవలి కణాల జబ్బని ల్యాబు మేడం నిర్మలాదేవి తేల్చింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా వస్తేనే బిడ్డకు ఇంత ముదురుతుందని కూడా చెప్పింది. ఆ రెండో మాట దూలయ్య చెవికెక్కలేదు. "మా ఇంట్ల గిసొంటి రోగం లేదు. ఇది నీ పుట్టింటిదే" అని భార్య పుల్లమ్మను రోజూ సాధించేవాడు. 2005 వానాకాలంలో పిల్ల చనిపోయింది. దినాలు అయిన మర్నాడే పుల్లమ్మ పుట్టింటికి వెళ్లిపోయింది.

"పుల్లమ్మ నీ మేనమామ కూతురేగా దూలయ్యా? మీ అమ్మ కూడా ఆ ఇంటి ఆడపిల్లేగా?" అంది మేడం.

"అయితే ఏంది మేడం? నా నెత్తురు సాఫ్. చూపిస్త."

చూపించే మిషను పట్నంలో ఉంది. అందుకని తనే చేసుకున్నాడు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాను రెండు అరలు చేశాడు. అయిపోయిన టార్చి సెల్లు పగలగొట్టి, లోపలి బొగ్గుకడ్డీలు తీసి చెరో అరలో నిలబెట్టాడు. పాత టీవీ విప్పి కరెంటు ఏర్పాటు చేశాడు. అరల్లో పోయడానికి మేడం మందునీళ్లు కలిపి ఇచ్చింది. అరల మధ్య తడికాగితం పరిచి, దాని మీద నెత్తుటి చుక్క పెట్టి కరెంటు వదిలితే, చుక్క మెల్లగా పాకి గీత అవుతుంది. మంచి నెత్తురైతే ఒకటే గీత. జబ్బు మోసే నెత్తురైతే వెనకబడిన గీత ఇంకొకటి. ఆర్నెల్లు పట్టింది. రెండుసార్లు షాకు కొట్టింది, ఒకసారి డబ్బా కరిగిపోయింది.

ముందు మేడం నెత్తురు పెట్టాడు. ఒకటే గీత. పెట్టె నిజం చెబుతోందని మురిసిపోయాడు. తర్వాత తనది పెట్టాడు. రెండు గీతలు. కడ్డీలు మార్చాడు, నీళ్లు మార్చాడు, వేలు మార్చి పొడుచుకున్నాడు. మూడుసార్లూ రెండే. పాపం, అంత కష్టపడి తెచ్చుకున్న సాక్షి అతని మీదే సాక్ష్యం చెప్పింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని అత్తగారి ఊరికి నడిచాడు. పుల్లమ్మ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

"పుల్లీ, నా నెత్తుట్ల గూడ ఉన్నది. నీ ఒక్కదాని తప్పు కాదు" అన్నాడు కాగితం చాపి.

ఆమె కాగితం వైపు చూడలేదు.

"నెత్తురు ఎవరిదని నేనెన్నడన్న అడిగిన్నా బావా? ఆ దినం పిల్లను ఎత్తుకొని దవాఖానకు పోతున్న, ఎంట రమ్మన్న. నీ ఇంటి రోగం, నువ్వే మోసుకోమన్నవ్. వాగు నడిమిట్ల అది అయ్య ఏడున్నడని అడిగింది. వస్తున్నడని చెప్పిన. అవతలి గట్టు ఎక్కేటాల్లకు ఇంక మాట లేదు."

దూలయ్య ఆ వాకిట్లోనే కూలబడ్డాడు. బిడ్డ పోయిన రోజు కూడా ఏడవని మనిషి, పొగిలి పొగిలి ఏడ్చాడు. పుల్లమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.