పాటకు ముందు నాన్న నాలుగు మాటలు

ఆ రోజు పొద్దున్నుంచి నేను కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను. చిక్కడపల్లిలోని మా ఇల్లు అంత తిరుగుడుకు సరిపోయేది కాదు. వంటింట్లోకి వెళ్తే అమ్మ, ముందుగదిలోకి వస్తే పేపరు పట్టుకున్న నాన్న. ఎటూ తోచక బాల్కనీలో నిలబడి రోడ్డు మీద బస్సులు నడుస్తున్నాయా లేదా అని చూసేదాన్ని. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. నారాయణగూడలో ఒక కాలేజీ గ్రౌండులో జరగాల్సిన ఈ కచేరీ అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఈసారీ పడితే ఇక లేనట్టే. బెంగళూరు నుంచి వచ్చే ఆ నలుగురు కుర్రాళ్ళు ఊరూరా తిరిగి చేస్తున్న ఈ కచేరీలు అయ్యాక విడిపోతున్నామని నెట్‌లో వాళ్ళే రాసుకున్నారు.

వాళ్ళు వాయించేదాన్ని సైకడెలిక్ రాక్ అంటారు. గిటారు ఒక చిన్న ముక్క పట్టుకుని దాన్నే తిప్పుతూ పోతుంది, డ్రమ్ములు దాని వెంట పడతాయి, వినేవాళ్ళు ఎక్కడ మొదలయ్యారో మరిచిపోతారు. "మూత పెట్టకుండ మిక్సీ తిప్పినట్టుంటది," అనేది అమ్మ. వాళ్ళ పాటల్లో ఒకటి చాలా పొడుగు. ఎక్కడ కచేరీ చేసినా దాన్ని చివర్లోనే వాయిస్తారు. డిగ్రీలో చేరినప్పటి నుంచి ఆ పాట చెవుల్లో పెట్టుకునే బస్సెక్కాను, వింటూ వింటూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను. దాన్ని ఒక్కసారి వాళ్ళ ఎదురుగా నిలబడి వినాలి. నా కోరికల్లా అదే.

అమ్మ ఒకటే షరతు పెట్టింది. "మీ నాన్న ఎంట వస్తెనే పో. లేకుంటె లేదు."

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టయింది నా పని. మా నాన్న చెడ్డవాడని కాదు. పగలు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రమైతే సభల మనిషి. మా పేటలో ఏ సభ జరిగినా వేదిక మీద కుర్చీలన్నీ నిండాలి. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆఖరున ఆత్మీయ అతిథి. వాళ్ళలో ఎవరో ఒకరు రారు. ఆ ఖాళీ కుర్చీ నాన్నది. శాలువా కప్పుతారు, మైకు చేతికిస్తారు. "నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను," అంటాడు నాన్న. ఆ నాలుగు మాటలు ఎంత పొడుగుంటాయో చిక్కడపల్లిలో తెలియనివాళ్ళు లేరు. వచ్చిన శాలువా మాత్రం మా ఇంట్లో నిలవదు. ఇంకో సభలో ఇంకో పెద్దమనిషి భుజాల మీదికి వెళ్ళిపోతుంది.

స్కూటర్ మీద వెళ్తూ నాన్న అడిగాడు. "నీ పాట ఎప్పుడొస్తది బిడ్డా?"

"చివర్ల, నాన్నా. పదింటికి పర్మిషన్ అయిపోతది. ఆ లోపల కావాలె."

"అయితది తియ్. పరేషాన్ గాకు."

గ్రౌండులోకి వెళ్ళి చూస్తే స్టేజీ మీద డ్రమ్ముల ముందు బల్ల వేసి, దాని మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. బల్ల వెనక కుర్చీలు. నా అరికాలి మంట నెత్తికెక్కింది. మన ఊళ్ళో ఏ సంగీతమైనా పెద్దలను దాటుకునే రావాలి కదా. జ్యోతి వెలిగించారు, ప్రార్థన పాడారు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. బ్యాండు కుర్రాళ్ళు గిటార్లు మెడకు తగిలించుకుని స్టేజీ పక్కన నిలబడే ఉన్నారు. నేను ఈ కాలు మీద కాసేపు, ఆ కాలు మీద కాసేపు నిలబడ్డాను. నా పక్కన అశోక్‌నగర్ హాస్టళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఉన్నారు, సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్ళు. పొద్దున్నే టెస్టుందని ఒకరికొకరు చెప్పుకుంటూనే కదలకుండా నిలబడ్డారు.

అప్పుడు చూశాను, వేదిక మీద ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మైకు దగ్గరున్న లెక్చరర్ జనంలోకి చూస్తున్నాడు. నాన్నను ఏ సభలోనో చూసినవాడే అయ్యుంటాడు, చూపు ఇటు పడగానే లెక్చరర్ మొహం వెలిగింది. "మన అదృష్టం కొద్దీ మన మధ్యనే ఉన్న సాహితీప్రియులు..." అని మొదలుపెట్టాడు.

నేను నాన్న చొక్కా పట్టుకున్నాను. "నాన్నా, రానని చెప్పు."

"పిలిస్తె పోకుంటె బాగుండది బిడ్డా. గిట్ల పోయి గట్లొస్త."

శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. నాన్న నాదం పుట్టుక దగ్గర మొదలుపెట్టాడు. సామవేదం దాటి ఒగ్గుకథకు వచ్చేసరికి వెనక నుంచి చప్పట్లు మొదలయ్యాయి. అవి కూర్చోమని కొట్టే చప్పట్లు. నాన్న మెచ్చుకోలు అనుకుని చేతులు జోడించి, ఇంకాస్త ఉత్సాహంగా అందుకున్నాడు. నా పాటను కన్నతండ్రే కొంచెం కొంచెంగా తినేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. కోపంతో ఏడుపొచ్చింది.

పక్కనున్న హాస్టల్ కుర్రాడు నా వైపు వంగాడు. "ఎవలక్కా గీయన? మైకు ఇడుస్తలేడు."

"మా నాన్న," అన్నాను కటువుగా. ఆయన్ను తిట్టుకునే హక్కు నాది, వాడిది కాదు.

వాడు స్టేజీ వైపు ఇంకోసారి చూసి, "జీకే మస్తున్నదక్కా," అన్నాడు.

ఇంతలో నాన్న, "మా అమ్మాయి కూడా ఇక్కడే ఉంది. ఒక పాట కోసమని పొద్దున్నుంచి..." అంటూ నన్ను వెతికాడు. నేను చెయ్యెత్తి వాచీ చూపించాను. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. నాన్న ఆ వాక్యం పూర్తి చెయ్యకుండానే మైకు ఇచ్చేశాడు. ఆయన మాట మధ్యలో ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

బల్ల తీశారు, అతిథులను కిందికి దించి ముందు వరసలో కూర్చోబెట్టారు. కుర్రాళ్ళు వాయించడం మొదలుపెట్టారు. చిన్న పాటలు వచ్చాయి, పోయాయి. వినలేదు నేను. ముల్లు ఎంతదాకా వచ్చిందని వాచీనే చూస్తున్నాను. చివరికి లైట్లు ఊదారంగులోకి మారాయి. గిటారు ఆ చిన్న ముక్క ఎత్తుకుంది. అదే, నా పాట. సరిగ్గా అప్పుడే, పది కొట్టగానే, గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. ఎస్సై లోపలికొచ్చి స్టేజీ మెట్ల వైపు నడిచాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకున్నాను.

నాన్న లేచాడు. భుజాల మీద శాలువా తీసి, రెండు చేతులతో విప్పి పట్టుకుని, ఎస్సైకి ఎదురెళ్ళాడు. ఎదుట శాలువా విప్పాక మన దగ్గర ఎంతటివాడైనా ముందుకు నడవడు. ఆగుతాడు, మెడ వంచుతాడు, ఫోటో కోసం చూస్తాడు. ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎవరూ పిలవకుండానే కెమెరా అతను పరిగెత్తుకొచ్చాడు. తర్వాత నాన్న ఎస్సై చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, చెవి దగ్గరకు వంగి మాట్లాడసాగాడు. నాకేమీ వినపడలేదు కానీ ఆ చేతుల ఊపు నాకు తెలుసు. మళ్ళీ నాదం పుట్టుక దగ్గర నుంచి మొదలుపెట్టాడు.

పాట సాగుతోంది. హాస్టల్ కుర్రాళ్ళు గాల్లోకి ఎగురుతున్నారు. ఎస్సై తల ఊపుతాడు, మెట్ల వైపు చూస్తాడు, కదలబోతాడు. నాన్న మాట ఆపకుండానే అడ్డం జరుగుతాడు. అలా జరిగినప్పుడల్లా నా కళ్ళు స్టేజీని వదిలి అటే పోయేవి. జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టాక గానీ పాట అయిపోయిందని నాకు తెలియలేదు.

స్కూటర్ ఫ్లైఓవర్ కింద పెట్టి వచ్చాం. అక్కడికి నడుస్తుంటే నాన్న గొంతు బొంగురుపోయి ఉంది. "ఎట్లుండె బిడ్డా నీ పాట? నాకైతె ఒక్క ముక్క ఇనపడలే. ఆయనతోని మాట్లాడుడే సరిపాయె."

చెబుదామని నోరు తెరిచాను. ఆ పాట మధ్యలో ఒకచోట డ్రమ్ములు ఆగిపోయి గిటారు ఒంటరిగా మిగులుతుంది. అక్కడ వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారా, కళ్ళు మూసుకుంటారా అని ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఆ చోటు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు.

"మస్తుండె, నాన్నా," అన్నాను.

ఆయన సంతోషంగా స్కూటర్ స్టార్ట్ చేశాడు. చిక్కడపల్లి వచ్చేదాకా ఆ పాటను గుర్తు చేసుకుందామని చూశాను. ఊదారంగు వెలుగులో ఎస్సైకి అడ్డం జరుగుతున్న నాన్న వీపు తప్ప నాకేమీ గుర్తు రాలేదు.