వచ్చిన బేరాన్ని వెనక్కి పంపిన ప్లీడరమ్మ

మా ఇంటావంటా ప్లీడర్లు లేరు. కోర్టు మెట్లెక్కినవాడికి అరువు ఇవ్వకూడదని మా నాన్న కొట్టు తెరిచిన రోజు నుంచి మూసిన రోజు దాకా చెబుతూనే ఉండేవాడు. ఆయన కొడుకునైన నేను, నగరేశ్వరరావుని, ఈ బెంగాలీ రైల్వే ఊళ్లోని ఖరిదా బజార్లో మా కిరాణా కొట్టుని ఆనుకున్న గదిని ఒక ప్లీడరుకే అద్దెకిచ్చాను. అది మా ఆవిడ పరమేశ్వరి చలవ. మొబైల్ కొట్టువాడొకడు ఆ గది కోసం మా చుట్టూ తిరుగుతుంటే, "వాడికిస్తే రోజంతా పాటలు మోగిస్తాడు. ఆ పిల్లకివ్వండి, సొంతంగా నిలబడతానంటోంది" అంది. ఇంట్లో మాట కాదని కొట్టు నడిపినవాడెవడు?

ఆ పిల్ల పేరు మీనాకుమారి. పిల్ల అంటున్నాను గానీ ముప్పై దాటాయి. వాళ్ల నాన్న దేముడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై పూరీ గేట్ దగ్గర ఉంటాడు. మీనా లా చదివి, మేదినీపూర్ కోర్టులో ఒక బెంగాలీ సీనియరు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసింది. రోజూ లోకల్ బండిలో కంసాయ్ నది దాటి వెళ్లడం, ఆయన ఫైళ్లు మోయడం, తను రాసిన వాదనే ఆయన జడ్జి ముందు చెబుతుంటే వెనకాల నిలబడి కాగితాలు అందించడం. ఒకనాడు కక్షిదారొకడు ఆమెను చూపించి, "ఈ దీదీ టైపిస్టా?" అని అడిగాడట. ఆ సాయంత్రమే మానేస్తానని చెప్పేసింది. సీనియరు బాబు కోప్పడలేదు సరికదా నవ్వాడట. "వెళ్లు, వెళ్లు. ఈ వానలు వెళ్లేలోగా నువ్వే తిరిగొస్తావు. నీ కుర్చీ ఎవరికీ ఇవ్వను" అన్నాడట. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ నవ్వే ఆమెకి ముల్లై కూర్చుంది. ఆ కుర్చీలో మళ్లీ కూర్చోకుండా బతకాలి. ఆమె పంతమంతా అదే.

మా గదికీ కొట్టుకీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. వచ్చిన రోజే మీనా దాన్ని వేళ్లతో కొట్టి చూసి, నా వైపు వచ్చింది.

"బాబాయ్, మీ బియ్యం బస్తాలు ఈ గోడకి ఆనించి పైదాకా పేర్చండి."

"గోడకి ఆనిస్తే ఎలకలు చేరతాయమ్మాయ్."

"ఎలకలు వింటే ఫరవాలేదు బాబాయ్."

నాకు కాస్త గుచ్చుకుంది. అద్దెకిచ్చినవాడిని పట్టుకుని ఆ మాటా! అయినా పేర్పించాను.

దేముడికి కూతురు సొంతంగా గది తీసుకోవడం ఎంత సంబరమంటే, ఎవరికీ చెప్పకుండా పెద్ద ఫ్లెక్సీ వేయించి మా వీధి మొగలో కట్టేశాడు. నల్లకోటులో మీనా, ఆమె తల చుట్టూ వెలుగు, పైన ఆంజనేయస్వామి, కింద 'అన్ని రకముల కేసులు గ్యారంటీగా చూడబడును' అని తెలుగులోనూ, బెంగాలీలోనూ. నాకు బాగా నచ్చింది. దుకాణం పెట్టాక బోర్డు ఉండాలి కదా. మీనా కోర్టు నుంచి వచ్చి దాన్ని చూసి, బ్యాగు నా చేతిలో పెట్టి, స్టూలెక్కి తాళ్లు కోసి కిందికి దించింది. ప్లీడర్లు ప్రకటన చేసుకోకూడదట. గుమ్మం పక్కన చిన్న పలక మీద పేరు తప్ప ఇంకేమీ రాయకూడదట, రాస్తే ప్లీడరీ చేసుకునే సన్నదు మీదికొస్తుందట. నా జన్మలో ఇలాంటి వ్యాపారం వినలేదు. దేముడు మాత్రం చాలా రోజులు కూతురితో మాట్లాడలేదు. ఆంజనేయుణ్ణి దించేసిందని ఆయన బాధ.

మొదట్లో ఆమెను నిలబెట్టింది కూలిపనే. నేనలా అంటే నవ్వేది గానీ కాదనలేదు. మేదినీపూర్‌లో ఏ ప్లీడరుకి జ్వరం వచ్చినా, ఏ ప్లీడరు కూతురి పెళ్లైనా, వాళ్ల బదులు కోర్టులో నిలబడి వాయిదా అడిగి వచ్చేది. కలకత్తా ప్లీడర్లు ఫోన్లో వివరాలు పంపితే దావాలు రాసి పంపేది, వాళ్లు వాటి కింద తమ పేర్లు పెట్టుకునేవారు. శ్రీకాకుళం వైపు పాత భూముల తెలుగు కాగితాలు బెంగాలీ ప్లీడర్లకి చదివి పెట్టేది. పనికి పని ఉంది, పేరుకి పేరు లేదు.

పేరు తెచ్చిపెట్టింది జోగమ్మ. మా వీధి మొగలో ఇడ్లీ బండి ఆమెది. ఖరిదాలో పొద్దున్నే ఎవరు ఏ కష్టంలో ఉన్నా ముందు తెలిసేది ఆమెకే. "ఏటలా మొకం ఏలాడేసినావు? కోర్టు పనా? మన మీనా గుంట ఉంది కదరా, ఎల్లు" అని ఇడ్లీ ఆకుతో పాటు దారి కూడా చూపించేది. ఫ్లెక్సీ పోతే పోయింది గానీ, ఈ నోటికి ఏ రూలూ అడ్డురాలేదు. పింఛను ఆగినవాళ్లు, క్వార్టరు ఖాళీ చేయమని నోటీసు అందుకున్నవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. గుమ్మం ముందు చెప్పులు పెరుగుతుంటే నాకే గర్వంగా ఉండేది, ఆ అమ్మాయిని నేనే చదివించినట్టు.

అంతలో జోగమ్మ పెద్దకొడుకు లోకేష్ పోయాడు. వర్క్‌షాపులో ఉద్యోగం, నలభై నిండలేదు, స్నానం చేసి వచ్చి కూలబడి మరి లేవలేదు. భార్య వినీత, చిన్న కూతురు. సర్వీసులో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి రైల్వే ఉద్యోగమిస్తుంది. ఆ ఒక్కరూ ఎవరన్న ప్రశ్న పెద్దకర్మ కాకుండానే ఆ ఇంట్లో వచ్చి కూర్చుంది. జోగమ్మకి చిన్నకొడుకు మహీధర్ ఉన్నాడు. టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడుపుతాడు. ఆ ఉద్యోగం వాడికి రావాలని ఆమె ఆశ.

ఒక మధ్యాహ్నం బజారంతా కునుకు తీస్తున్న వేళ వినీత వచ్చింది. చెప్పులు బయట విడవకుండా చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చాలాసేపటికి బయటికొచ్చింది, కళ్లు వాచి ఉన్నాయి. ఆ బియ్యం బస్తాల మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

మర్నాడు జోగమ్మ బండి కట్టేసి, తలకి కొంగు బిగించుకుని వచ్చింది. "సావుకారూ, నువ్వూ రా. పెద్దోడివి, ఒక మాటుంటే మంచిది" అని నన్నూ పిలిచింది. మీనా గుమ్మంలోకి ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"పిన్నీ, ఆగు. నాకేమీ చెప్పకు."

"సెప్పకపోతే ఎలాగే? సెప్పడానికే కదా వొచ్చినాను."

"ఈ పని నేను చెయ్యలేను పిన్నీ. వేరే ప్లీడర్ని చూసుకో, ఆలస్యం చెయ్యకు. మా సీనియరు బాబుకి నేనే ఫోన్ చేస్తాను. పనిలో గట్టోడు, నిన్ను మోసం చెయ్యడు."

జోగమ్మ తెలివితక్కువది కాదు. మీనా ముఖంలోకి చూసింది, గదిలోకి తొంగి చూసింది. "మా కోడలొచ్చినాదా?"

మీనా అడ్డం పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"వొస్తే వొచ్చినాది, నానేటన్నాను? అదీ మనదే, నానూ మనోళ్లే. ఇద్దర్నీ కూకోబెట్టి నువ్వే సెప్పు. మన పెద్దలు సెప్పీవోరు కారా?"

"పెద్దలైతే రెండు పక్కలా ఉండొచ్చు పిన్నీ. ప్లీడరు ఒక పక్కే ఉండాలి."

"అయితే అదేటి సెప్పినాదో సెప్పు. నా మీద ఏటి సెప్పినాది?" అంది జోగమ్మ. "అది ఉద్యోగం సూసుకుని పుట్టింటికెల్లిపోతే నాకు ముద్దెవులు ఎడతారే? కొడుకు పోనాడు, కూడు కూడా పోవాలా?"

మీనా కళ్లు ఎర్రబడ్డాయి. నోరు మాత్రం విప్పలేదు. జోగమ్మ తెచ్చిన ఇడ్లీ పొట్లం నా గల్లాపెట్టె మీద విసిరేసి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "ఆమె నోటి మీద నడుస్తోంది నీ గది. ఇద్దరికీ నచ్చజెప్పి ఒక దారి చూపిస్తే నీ సొమ్మేం పోయింది?" అని అడిగాను. మీనా నా ఎదురుగానే సీనియరు బాబుకి ఫోన్ చేసి, జోగమ్మ సంగతి చెప్పి, చూసుకోమంది. అవతల ఆయన ఏమన్నాడో, ఆమె చెవులు కందిపోయాయి. "ఏమన్నాడు?" అంటే, "కుర్చీ ఖాళీగానే ఉందన్నారు" అంది.

జోగమ్మ ఆయన దగ్గరికి వెళ్లింది. భార్య ముందుకొస్తే ముందు హక్కు ఆమెదేనని ఆయన చెప్పి పంపాడు. కొన్ని నెలలకి వినీతకే ఉద్యోగం వచ్చింది. అత్తగారిని పోషిస్తానని హామీ రాసిచ్చి మరీ చేరింది, ఆ ఇంట్లోనే ఉంది. అయినా జోగమ్మ కోపం చల్లారలేదు. ఒక సాయంత్రం మీనా కోర్టు నుంచి వస్తుంటే నడిబజార్లో ఆపింది.

"నా ఇడ్లీ తిని నా కొంపకే నిప్పెట్టినాది! ఇదేటి మన గుంట? ఎవులూ దీని గడప తొక్కకండి!"

ఇంకా చాలా అంది, రాయడానికి బాగుండవు. బజారంతా పని మానుకుని చూస్తోంది. మీనా బ్యాగు గుండెలకి పట్టుకుని అన్నీ విని, తల వంచుకుని గదిలోకి వెళ్లింది. నేనైతే నాలుగు మాటలు తిరిగి అనేవాడిని. నాకు ఆ పిల్ల మీద జాలీ వేసింది, ఆ మౌనం మీద కోపమూ వచ్చింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరే ఎదురు తిరిగితే ఊరెక్కడ ఉంటుంది? గుమ్మం ముందు చెప్పులు కరువయ్యాయి. కేసు మధ్యలో ఉన్నవాళ్లు సైతం కాగితాలు పట్టుకుపోయారు. మళ్లీ జ్వరాలొచ్చిన ప్లీడర్ల బదులు నిలబడడం, పేరు లేని దావాలు రాయడం. గదిలోకి ఎవరూ రాకపోవడంతో నేనూ అమ్ముడైన బస్తాల చోట కొత్తవి పేర్చడం మానేశాను. ప్లైవుడ్ పైసగం బోసిగా బయటపడింది. ఆ వైపు నుంచి ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

మరుసటి ఏడు వానలు కూడా వెళ్లాయి. దసరా పూజ పందిళ్లకి వెదుళ్లు దిగుతున్న రోజుల్లో మీనా కొట్లోకి వచ్చి, పప్పు డబ్బాల వైపు చూస్తూ చెప్పింది. "పూజలయ్యాక గది ఖాళీ చేస్తాను బాబాయ్. మొబైల్ అతనికి చెప్పుకోండి."

"సీనియరుకి ఫోన్ చేశావా?"

"రేపు చేస్తాను."

నేను అద్దె లెక్కలవాణ్ణే, కాదనను. కానీ ఆ మాట అంటూ ఆమె నవ్వబోయిన తీరు చూసి, నాకు కూతురుంటే ఇలా నవ్వకూడదనుకున్నాను. మొబైల్ కొట్టువాడికి మాత్రం కబురు పంపాను.

మర్నాడు పొద్దున్నే బండి దగ్గర జనం ఉండగానే వదిలేసి జోగమ్మ వచ్చింది. వెంట ఒక బెంగాలీ మనిషి ఉంది. సాలువా వైపు పల్లె నుంచి బజారుకి కూరలు తెస్తుంది, నేనెరుగుదును. ముఖం మీదికి కొంగు లాక్కుని, పారిపోవడానికి సిద్ధంగా ఉన్నదానిలా నిలబడింది. తన గుమ్మంలో మీనా ఉంది. జోగమ్మ అటు చూడకుండా నా ముందుకొచ్చింది.

"సావుకారూ, నాను దాంతో మాటాడను. నువ్వే సెప్పు. ఈ మనిషికో కష్టమొచ్చినాది. మాట బయటికి పొక్కితే సంసారం నిలవదు. అందుకే ఇక్కడికే తెచ్చినాను."

"ఎవరూ గడప తొక్కకూడదని నువ్వే కదా అన్నావు?"

"అన్నాను." జోగమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. "నిన్న వినీత సెప్పీసినాది. ఆ దినం ఈ గుంట కాడ కూకోని ఏటి సెప్పుకుందో, అంతా సెప్పి ఏడిసినాది. మా ఇంటి మాట సావుకారూ. బజార్లో పడితే నాను మరి బండి కాడ నిలబడలేను."

అటు చూడకుండానే మీనా వైపు వేలు చూపించింది.

"అదంతా దీనికి ఎరికే. నాను నడిబజార్లో అన్నన్ని తిట్లు తిడతంటే, ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనుంటే నా నోరు మూతపడీది. అన్నేదు. తన నోరే మూసుకున్నాది." అప్పుడు కళ్లు తుడుచుకుని, పక్కనున్న మనిషిని భయపడకని భుజం తట్టింది. "డరో మత్ దీదీ. నాకే సెప్పనిది ఇంకెవులికి సెప్తది?"

నా నాలుక నాకే శత్రువు. "ఇంతకీ ఏమిటా మాట?" అని అడిగేశాను.

"నీకెందుకు సావుకారూ?"

మీనా గుమ్మం దిగి వచ్చి ఆ మనిషి చెయ్యి పట్టుకుంది. జోగమ్మ వైపు ఒకసారి చూసింది. జోగమ్మ ముఖం తిప్పుకుంది గానీ, వాళ్లిద్దరూ లోపలికి వెళ్లాక తలుపు దగ్గరగా లాగింది ఆమే. మెట్టు మీద కూర్చుని నా కొట్టంతా కలయజూసింది.

"గోడకి పైవరస బస్తాలేవి?"

"అమ్ముడైపోయాయి. మళ్లీ పేర్చలేదు."

"కూకుంటావేటి మరి? పేర్చు."

అరవై దాటినవాడిని, నడుం పట్టేసింది. సగంలో ఉండగా మొబైల్ కొట్టువాడు ఫోన్ చేశాడు. గది ఖాళీ లేదు, ఇప్పట్లో అవదు అని చెప్పి పెట్టేశాను. ఆఖరి బస్తా పైకి తోసి, ఊపిరి పీల్చుకుంటూ అక్కడే కాసేపు నిలబడ్డాను. అవతల ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క వినపడలేదు.