పెదాల మీది జవాబు

మరమగ్గాల షెడ్డులో చెవులతో పనిలేదు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడటం మొదలుపెడితే పక్కన పిడుగు పడినా తెలియదు. అందుకే అక్కడి ఆడవాళ్ళు గొంతు విప్పరు, పెదాలు మాత్రం కదుపుతారు. పోగు తెగిన సంగతి దగ్గర్నుంచి పొరుగింటి కోడలి భాగోతం దాకా అన్నీ పెదాల మీదే నడుస్తాయి. షెడ్డంతా పెద్దక్క అని పిలిచే మనిషి ఆ విద్యలో ఆరితేరింది. ఆ కొసన ఎవరు ఎవర్ని ఆడిపోసుకుంటున్నా ఈ కొసనుంచే పట్టేసేది.

ఆమె చెవులు ఎప్పుడు పోయాయో ఆమెకే తెలియదు. షెడ్డులో తెలిసే దారేదీ? ఇంట్లో తలుపు దబదబా బాదినా కదలకపోయేసరికి కూతురు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

అదే సమయానికి మిల్లులో కొత్త నియమం వచ్చింది. ప్రమాదపు గంట బొత్తిగా వినపడనివాళ్ళు మగ్గాల దగ్గర ఉండకూడదు, మడతల గదికి పోవాలి. జీతంలో తేడా లేదు. పెద్దక్క బెంగ జీతం కాదు. మడతల గదిలో అందరూ బట్ట మీదికి తలలు వంచుకుని మాట్లాడుకుంటారు. వంచిన తలల్లో పెదాలు ఎవరికి కనబడతాయి? అక్కడికి పోవడమంటే నలుగురి మధ్యా ఒంటరిగా కూర్చోవడమే.

"చెవిటిదాన్నని అనకమ్మా," అంది కూతురు, తల్లికి ఎదురుగా కూర్చుని. "డెఫ్ అని కూడా అనకు. అంటే పూర్తిగా పోయినట్టు లెక్క. హార్డ్ ఆఫ్ హియరింగ్ అను. కాస్త తక్కువ వినపడుతుందని అర్థం."

"మళ్ళీ చెప్పు. ఆ మాట నీ పెదాల మీద ఆనడం లేదు."

"హార్డ్. ఆఫ్. హియరింగ్."

"నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టుంది. ఇంకో మాట లేదటే?"

"హియరింగ్ ఇంపెయిర్డ్ అనేవాళ్ళు. ఇప్పుడది బాగోదంటున్నారు."

"చెవి నాదీ, బాగోగులు వాళ్ళవీనా?"

అయినా నేర్చుకుంది. కూతురు పనికి పోయాక అద్దం ముందు నిలబడి అనుకుంది, మళ్ళీ అనుకుంది. అద్దంలో పెదాలు చక్కగా కదిలాయి.

మేనేజరు గదిలోకి మరదల్ని తోడు తీసుకెళ్ళింది. ఆమెదీ పక్క మగ్గమే. గోడకవతల మగ్గాలు ఆడుతున్నాయి. కింద నేల అదురుతూ ఉంది.

"మీకు ఎంతవరకు వినపడుతుందమ్మా?" అన్నాడు మేనేజరు.

పెద్దక్క ప్రశ్న మొత్తం పట్టుకుంది. నేర్చుకున్న జవాబు తడబడకుండా చెప్పింది. మేనేజరు ఇంకా ఎదురుచూస్తున్నట్టే చూశాడు. ఇంగ్లీషు రాని మేనేజరా వీడు అనుకుని, కొత్తగా పనిలో చేరిన పిల్లకు చెప్పినట్టు పెదాలు సాగదీసి మళ్ళీ చెప్పింది.

పెదాలు చూస్తున్న మరదలికి ప్రతి అక్షరమూ అర్థమైంది. అర్థమైంది గనకే, గొంతు రాలేదన్న సంగతి ఆమెకూ వెంటనే తట్టలేదు.

"వదినా, గొంతు!" అంది.

పెద్దక్క చెయ్యి కంఠం మీదికి పోయింది. మూడోసారి చెప్పింది. ఈసారి వచ్చినట్టే ఉంది, మేనేజరు ఉలిక్కిపడి కుర్చీలో వెనక్కి జరిగాడు.

"రేపట్నుంచి మడతల గదికి వెళ్ళండమ్మా," అన్నాడు మెల్లగా. అదీ ఆమెకు స్పష్టంగానే కనబడింది.

బయటికొచ్చాక మరదలు కళ్ళు తుడుచుకుంది. "నేనైనా ముందే చూసుకోవాల్సింది వదినా."

"నీకు మాత్రం వినపడి ఏడిచిందా? పద, నీ మగ్గం ఆగిపోయుంటుంది."

మర్నాడు పెద్దక్క మడతల గదిలో కూర్చుంది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. వంచిన తలలు ఊగుతుంటే నవ్వుతున్నారు కాబోలని తానూ నవ్వింది. ఎందుకని అడగాలనిపించలేదు. అడగకుండా ఉండటం ఇంత తేలికని ఆమె ఏనాడూ అనుకోలేదు. కొన్నాళ్ళకు ఆ నవ్వూ మానేసింది. ఎవరో మోచేత్తో పొడిచి, తిండివేళయిందన్నట్టు చెయ్యి చూపిస్తే లేచేది. తినేది. వచ్చి మళ్ళీ బట్ట మడతపెట్టేది.