ఇనప బాణలి కోసం చైనాటౌన్‌కి

న్యూయార్క్ వెళ్లినవాళ్లందరూ స్వేచ్ఛా విగ్రహాన్ని చూసి వస్తారు. నేను ఒక బాణలిని చూసి వచ్చాను. అదే దారిన వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

న్యూయార్క్‌కి గంట రైలు దూరంలో, పిస్కాటవేలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా నాకు దొరికిన స్నేహితురాలు లిన్ గారు. చైనా ఆవిడ. మూడిళ్ల అవతల కూతురి దగ్గర ఉంటారు, నాకంటే ఏడేళ్లు పెద్ద. ఇద్దరి ఇంగ్లీషూ అంతంత మాత్రమే కాబట్టి ఫోనే మాకు దుబాసీ. ఆవిడ చైనీస్‌లో మాట్లాడితే అది తెలుగులో వినిపిస్తుంది, అదీ పాతకాలపు పాఠ్యపుస్తకంలా. ఓ సాయంత్రం నడకలో ఆ ఫోన్ అంది: "చెల్లెలా, నాకు డెబ్బది అయిదేండ్లు నిండనున్నవి. నా తల్లి బాణలి వంటిది కొనుటకు నాతో వచ్చెదవా?" ఎక్కడికైనా తోడు రమ్మంటే చాలు, నేను చెప్పులు వేసుకునే ఉంటాను.

శనివారం పొద్దున్న మా అమ్మాయి ఎడిసన్ స్టేషన్‌లో దింపింది. "అమ్మా, ఫోన్ ఫుల్ చార్జ్ చేశావా? రిటర్న్ ట్రైన్ ఎక్కగానే మెసేజ్ పెట్టు," అని పదిసార్లు చెప్పింది. మెషీన్‌లో సీనియర్ టికెట్ నొక్కితే సగం ధరే పడుతుంది, మర్చిపోకండి. తొమ్మిదింపావు రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. నేను పులిహోర డబ్బా తీశాను, ఆవిడ ఆవిరి మీద ఉడికించిన కాబేజీ బన్నులు తీశారు. బన్నుకి పులిహోర నంజుకుంటే బ్రహ్మాండంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

తిన్నాక, బాణలి కొనడానికి ఇంత దూరం ఎందుకని అడిగాను. ఆవిడ ఫోన్ దగ్గరికి వంగి నెమ్మదిగా చెప్పారు. "నాకు ఏడేండ్లు. దేశమునకు ఉక్కు కావలెనని పార్టీవారు చెప్పిరి. ఇంటింటి ఇనుమును కరిగించుటకు ఊరిలో పెరటి కొలుములు పెట్టిరి. ఇక ఎవరింట వంట వద్దు, అందరును సామూహిక భోజనశాలలోనే తినవలెననిరి. మా బాణలిని నేనే నెత్తిన పెట్టుకొని, పాట పాడుచు కొలిమికి మోసితిని. నాకు ఎర్ర రిబ్బను కట్టిరి. అమ్మ గుమ్మములో నిలబడి చూచినది."

కొలిమిలోంచి వచ్చింది దేనికీ పనికిరాని ముద్దట. కొన్నాళ్లకి భోజనశాల మూతపడింది. ఇంట్లో బాణలి లేదు, వండడానికి గింజా లేదు. పెద్దయ్యాక అలాంటిదే తెచ్చిస్తానని లిన్ గారు తల్లికి మాటిచ్చారు. ఆ కరువు తీరకుండానే తల్లి పోయింది. తర్వాత ఆవిడ బతుకంతా పట్నంలో, ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో గడిచింది. ఆ ఇరుకు పొయ్యిల మీద అంత బాణలి పట్టేది కాదు. ఫోన్ గొంతులో ఏ బాధా లేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పదిన్నరకి న్యూయార్క్‌లో దిగి, సబ్‌వే మారి, చైనాటౌన్‌లోని కెనాల్ స్ట్రీట్ చేరాం. తోసుకునే జనం, ఐసు మీద చేపలు, గొంతు చించుకునే బేరాలు చూస్తే మా తెనాలి మార్కెట్టుకి వచ్చినట్టే ఉంది. మొదటి రెండు షాపుల్లో అన్నీ నాన్‌స్టిక్కులే. మూడోది మెట్లు దిగి వెళ్లాలి. గోడ నిండా ఇనప బాణలులు. లిన్ గారు ఒక్కొక్కటీ వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నారు. చివరికి రెండు చెవుల పెద్దదొకటి ఖంగుమంది. ఆవిడ రెండు చేతులూ చాచి కొలిచి, "ఇదే," అన్నట్టు తలూపారు.

"ఇంట్లో ఏం స్టవ్?" అని షాపాయన ఇంగ్లీషులో అడిగాడు. గ్లాస్ టాప్, మంట లేని గాజుపలక కరెంటు పొయ్యి అన్నాను. "అయితే కుదరదు. దీనికి అడుగు గుండ్రం. ఫ్లాట్‌ది తీసుకోండి," అన్నాడు. అదే మాట చైనీస్‌లో ఆవిడకీ చెప్పాడు. లిన్ గారు బాణలిని మళ్లీ కొక్కేనికి తగిలించేశారు. అప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయాను. నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి మోసిన మాట ఒక గాజుపలక దగ్గర ఆగిపోవాలా?

"ఆగండక్కా!" అని ఫోన్ లాక్కున్నాను. "మా పెరట్లో గ్యాస్ పొయ్యి ఉంది. చేపల పులుసు పెడితే ఇల్లంతా వాసనని మా అల్లుడు ప్రత్యేకం కొన్నాడు. మూడు కాళ్లది, దాని మీద ఏనుగుని పెట్టినా ఆగుతుంది. మీ పుట్టినరోజు వంట అక్కడే!"

ఫోన్ నా ఏనుగుతో సహా అంతా చైనీస్‌లో చెప్పినట్టుంది, షాపాయన పగలబడి నవ్వాడు. లిన్ గారు నవ్వలేదు. నా వైపు చూస్తూ ఏదో అడిగారు. "పెరటిలోనా?" అంది ఫోన్.

"పెరట్లోనే!"

"పెరటిలో పోయినది పెరటిలోనే దొరికినది," అంది ఫోన్. అప్పుడు ఆవిడ నవ్వారు, కళ్లలో నీళ్లతోనే. బాణలిని కొక్కెం నుంచి ఆవిడే దింపారు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

మధ్యాహ్నం మూడింటి రైల్లో తిరుగు ప్రయాణం. బాణలి పైన అరలో పట్టక మా ఇద్దరి ఒళ్లలోనూ కూర్చుంది. ఎదుటి సీటాయన ముచ్చటపడి, "కొత్తదా?" అని ఇంగ్లీషులో అడిగాడు. లిన్ గారు ఫోన్ వైపు చూడలేదు. "నో. మై మదర్స్," అన్నారు, బోగీ అంతా వినపడేలా. ఆయన టోపీ తీసి బాణలికి నమస్కారం పెట్టాడు.

స్వేచ్ఛా విగ్రహాన్ని చూడలేదన్న బెంగ నాకు రవ్వంత కూడా లేదు. ఎడిసన్‌లో దిగగానే లిన్ గారు బాణలిని నెత్తిన పెట్టుకున్నారు. చిన్నప్పటిదే కాబోలు, ఏదో పాట ఎత్తుకుని ప్లాట్‌ఫారం మీద నడిచారు. జనం పక్కకి తప్పుకున్నారు. నేను వెనకాలే, గెలిచిన ఊరేగింపులో నడిచినట్టు నడిచాను. మా అమ్మాయి కారు దిగి నోరు వెళ్లబెట్టింది.

"అమ్మా, ఆంటీ ఏం చేస్తున్నారు?"

"వాళ్లమ్మకి బాణలి తెస్తోందే. దారియ్యి!"