అవ్వ కుండలో దిగిన వాగు

వాగు ఏడాదికి ఎంత ఒండ్రుమట్టి మోసుకొస్తుందో అంచనా కట్టమంటే, వరద పోయిన నాలుగో రోజున సీసా పట్టుకుని వెళ్ళిన తెలివి నాది. కాటారం దాటాక అడవి అంచున పారే ఆ వాగు మీద చెక్‌డ్యాం కట్టాలి. అక్కడ ఎవరూ ఎన్నడూ ఏమీ కొలవలేదు. వరద రోజుల్లో బస్సు రాదు కనుక నేనూ రాలేదు. తేటపడ్డ నీళ్ళు సీసాలో పట్టి, చాలనిదానికి పాలకుర్తి వైపు వాగు పాత అంకెలు జోడించాను. అక్కడ చదును నేల, ఇక్కడ గుట్టలు. ఆ తేడా నా బుర్రకెక్కలేదు; పూడిక ముందు ఆ బుర్రలోనే మొదలైనట్టుంది.

ఒడ్డున రెండు మడుల వరి వేసుకున్న అవ్వ నా సీసా వైపు చూసింది.

"గిది తాగెతందుకా సారూ, కొలిచెతందుకా?"

"కొలిచెతందుకే అవ్వా."

"గిప్పుడేముంటది ఇందుల? వరదొచ్చిన నాడు రావాలె."

ఇంటికి తీసుకెళ్ళి కుండ చూపించింది. వాగు నీళ్ళే తాగిన రోజుల్లో, కుండ లోపల చిల్లగింజ రుద్ది, మట్టి అడుగుకు దిగాక పైనీళ్ళు వంచుకునేవారు. నల్లా వచ్చాక కూడా ఆమె ప్రతి వరదకూ ఒక కుండ ముంచుతుంది. ఎన్ని వేళ్ళ మందం మట్టి దిగిందో గోడ మీద బొగ్గుతో అన్ని గీతలు గీస్తుంది. గీతలు పెరిగితే ఒడ్డున మడిగట్టు ఎత్తు పెంచుకుంటుంది.

"అడ్డం కట్ట కడితే గీ మట్టంత ఏడికి పోతది బిడ్డా? నా మడిలకే గద."

ఆఫీసుకొచ్చి పై అధికారికి చెప్పాను. "రిపోర్టుల కుండలు పెడ్తమా? నవ్వుతరయ్యా," అన్నాడు. ముందు నవ్వింది నేనే.

నా అంకె మీదే కట్టిన చెక్‌డ్యాం మూడో వానకాలానికి అంచుదాకా పూడింది. వాగు పక్కకు తిరిగి ఆమె పెద్ద మడి నిండా ఇసుక మేట వేసింది. తిడుతుందనుకుని వెళ్ళాను. "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. అంత పెద్ద తిట్టు ఎప్పుడూ తినలేదు.

మరుసటి వానకాలం కాటారంలో గది తీసుకుని, వరద వచ్చిన రోజునే నడిచి వెళ్ళాను. ఆమె కుండ పక్కన నా సీసాలు పెట్టి, ఒక వేలు మందానికి ఎంత మట్టో తూచి, గోడ మీది గీతలన్నిటికీ లెక్క కట్టాను. వచ్చిన మొత్తం ముందు నా పాత అంకె చిన్నబోయి సిగ్గుపడింది.

కట్టకు ఇసుక పోయే తూము పెట్టాలని, ఆమె మడిలో మేట ఎత్తించాలని కొత్త రిపోర్టు రాశాను. 'ఆధారం' అన్న గడిలో 'అవ్వ కుండ, గోడ గీతలు' అని, 'పాత అంచనా తప్పడానికి కారణం' అన్న గడిలో 'నేను' అని రాశాను. ఆ పేజీలోనే కింద సంతకాల చోటు ఉంచాను.

అదే అధికారి చదివి తలెత్తాడు. "గిది మార్చవా?"

"వేరే ఆధారం లేదు సార్."

కలం మూత తీయడానికి చాలాసేపు పట్టింది. కుండ కిందే సంతకం చేశాడు. 'నేను' అన్న మాట కనబడేలా స్టాంపు కూడా వేయించుకున్నాను.