ఢిల్లీకి వెళ్ళిన తొలికాయ

పలాస బజారులోని మా కొట్లో పొద్దున్నే కొబ్బరి బస్తా విప్పగానే తడి పీచు వాసన ముక్కుకి తగిలితే చాలు, నేను సరాసరి ఢిల్లీలో తేలతాను. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాడికి దేశ రాజధానితో ఏం పని అంటారా? నేను మానేసిన రోజున మా మాస్టారు కూడా దేవుడికి దణ్ణం పెట్టుకున్నారట, అది వేరే సంగతి.

కవిటి పక్కన మా ఊళ్ళో, పెరటి నూతి దగ్గర, మా నాన్నను కన్న తల్లి, మా మామ్మ, తన చేత్తో వేసిన కొబ్బరిచెట్టు ఒకటుండేది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్టంటే ఇంటికి పెద్దకొడుకు. ఈ కొడుకు మాత్రం ఏపుగా ఎదిగి, ఏటా పువ్వు వేసి, పిందెలన్నీ రాల్చేసేవాడు. మామ్మ మొదట్లో ఉప్పు వేసింది, చేపలు కడిగిన నీళ్ళు పోసింది, గోడ మీది పటాల్లో ఉన్న దేవుళ్ళందరికీ వరసపెట్టి మొక్కింది. దేవుళ్ళు అయిపోయారు. ఇంకొక్క పటం మిగిలింది: బోసినవ్వుతో జాతిపిత. ‘తొలికాయ నీకే’ అంది. ఆ ఏడు పిందె నిలిచింది!

మొక్కిన కాయ చెల్లించకపోతే చెట్టు మోడైపోతుందని మామ్మ భయం. ఊరివాళ్ళు కాశీ, ఢిల్లీ యాత్రకి బయల్దేరుతుంటే తనూ కట్టింది మూట. ఆరో తరగతిలో అప్పుడే హిందీ మొదలైంది కాబట్టి, నాకు హిందీ వచ్చని కోతలు కోసి నేనూ రైలెక్కాను. పులిహోర, జంతికలు, కొబ్బరి లౌజు, పెట్టెనిండా ఆవకాయ ఘాటు. కిటికీ ఊచలకి ముఖం ఆనించి, ప్రతి స్టేషన్నీ ఢిల్లీ అనుకుని రెండు రోజులు గెంతాను. కాశీలో మా ఊరి ఆడవాళ్ళు మామ్మని పట్టుకున్నారు.

“ఇక్కడే కొట్టీయ్ వదినా, మోత తప్పుద్ది.”

“ఈయనకి మొక్కితే పిందెలు రాలిపోనాయే. ఆయనకి మొక్కితే నిలిసినాయి. ఎవుల్ది ఆళ్ళకియ్యాల.”

ఢిల్లీలో జాతిపిత సమాధి గేటు దగ్గర చెప్పులు విడిచి వరసలో నిలబడ్డాం. కాపలా ఆయన సంచి తడిమి, తువ్వాల్లో చుట్టిన కాయ బయటకి తీసి, లోపలికి కుదరదని చెయ్యి ఊపాడు. అందరూ నా వైపు చూశారు. నాకు వచ్చిన హిందీ ఒకటి నుంచి ఇరవై వరకు లెక్క. అదే ధైర్యంగా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా ఇరవై దాకా విని, మళ్ళీ చెయ్యి ఊపాడు.

మామ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల. కోపమొస్తే ఒడియానే వచ్చేది. నన్ను పక్కకి నెట్టి, పిందె రాలిన దగ్గర్నుంచి రైలెక్కే దాకా మొత్తం ఒడియాలో ఏకరువు పెట్టింది. ఆ కాపలా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయనదీ ఆ వైపే, ఒడిశాలో గంజాం! “మావుసీ” అని, సొంత పిన్నిని పిలిచినట్టు పిలిచి, కాయ నేను పట్టుకుంటాను, నువ్వెళ్ళి దణ్ణం పెట్టుకో అన్నాడు.

లోపల పచ్చిక, నల్లరాతి వేదిక, పూలు, ఆరని దీపం. అంతమంది ఉండి ఇంత నిశ్శబ్దమా అని నేను నోరు తెరిస్తే, మామ్మ గొంతు ఖంగున మోగింది.

“బాబూ, నీ కాయ గేటుకాడుంది. నీ మనిషే పట్టుకున్నాడు. నీకు ముట్టినట్టే, ఇంక నా సెట్టు జోలికి రాకు.”

బయటకొచ్చి రోడ్డు పక్క రాయి మీద కాయ కొట్టింది. తొలి ముక్క కాపలా ఆయనకి. డ్యూటీ అంటూనే నోట్లో వేసుకున్నాడు. తర్వాత వరసలో ఉన్న తలపాగాల వాళ్ళకి, పిల్లల తల్లులకి, ఎవరి భాషేమిటో తెలియని వాళ్ళకి గోరంత గోరంత పంచింది. నాకు మిగిలింది చిప్ప. అదే గీక్కుని తిన్నాను. ఆ తీపి మళ్ళీ ఏ కాయలోనూ దొరకలేదు.

ఆ చెట్టు మామ్మని దాటి బతికి, ఏళ్ళ తరబడి కాసి, మొన్నటి పెద్ద తుపానులో వేళ్ళతో సహా పడిపోయింది. ఇప్పుడక్కడ గుంట ఉంది. నర్సరీ పొట్టి మొక్కలు మూడేళ్ళకే కాస్తున్నాయి. తొలికాయ ఎవరికని అడిగేవాళ్ళే లేరు. ఆ గుంట దగ్గర నిలబడి మా ఆవిడతో అన్నాను, “మామ్మ మొక్కు గేటు బైటే తీర్సింది కదా, అది సరిగ్గా ముట్టలేదేమోనే, అందుకే సెట్టు పోయింది.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

“ఉద్దానం నిండా సెట్లు పడిపోనాయి. ఆళ్ళందరూ ఢిల్లీ ఎల్లి గేటు బైటే కొట్టీసినారేటి?”