తొమ్మిది వేల కిలోమీటర్ల సంచీ

వీధిలో అందరూ చేపలక్క అని పిలిచే ఆవిడకు తన లెక్కలంటే మహా ధీమా. ఎవరైనా సరిచూస్తామంటే ముఖం మాడ్చుకునేది. అద్దాల తొట్లలో రంగుచేపలు పెంచి అమ్మడం ఆవిడ పని. మొదటిసారి విదేశంలో ఉండే తెలుగాయన నుంచి బేరం వచ్చింది. ఆయన అడిగింది, రెండేళ్లుగా కంటికి రెప్పలా సాకిన డిస్కస్ చేపల జంటని. ఒక్కోటీ చిన్న పళ్లెమంత వెడల్పు, బింకం చూస్తే జమీందార్లే.

ఆ వేళ తెల్లవారుజామున నాలుగింటికే లేచి జంటను సంచీలో వదిలి, పైన ఆక్సిజన్ నింపి మూతి బిగించింది. సంచీ చిన్నది, చేపలు పెద్దవి. ఆ గాలి పన్నెండు గంటలకు మించి రాదు. విమానం ఆరింటికి లేచి పన్నెండింటికి దిగుతుందని కాగితంలో ఉంది. ప్రయాణం ఆరు గంటలు, ఎక్కించడానికి రెండు, దిగాక చేతికి అందడానికి రెండు. ఇంకా రెండు గంటలు మిగులేనని మురిసిపోయింది.

పదకొండింటికి లారీ నడిపే మరిది టీకి వచ్చాడు.

"ఎంత దూరం పంపావు వదినా?"

"తొమ్మిది వేల కిలోమీటర్లు. ఆరు గంటల్లో దిగుతాయి."

దూరం వింటే గంటలతో భాగించకుండా ఉండలేడు మరిది. కప్పు కింద పెట్టాడు. "గంటకి పదిహేనొందలా? నువ్వు పంపింది విమానంలోనా, తుపాకీలోనా?"

"కాగితంలో ఉంది. నీకన్నీ అనుమానాలే."

అతను కాగితం అందుకుని చూశాడు. "ఇది అక్కడి పన్నెండు. వాళ్ల గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. ప్రయాణం పదిన్నర గంటలు వదినా. దిగేసరికి మనకి సాయంత్రం నాలుగున్నర."

సంచీలో గాలి నాలుగు దాకానే. పైగా కొన్నాయన వాళ్ల టైములో రెండింటికి, తీరిగ్గా విమానాశ్రయానికి వెళ్తానన్నాడు.

ఆవిడ ఫోను తీసింది. అక్కడింకా ఉదయం ఆరున్నర. "కొంచెం ముందే వెళ్తారాండీ? ఎండగా ఉంటుందేమోనని..." అంది.

"భోంచేసి వెళ్తాలెండి," అన్నాడాయన నిద్రగొంతుతో.

మరిది కనుబొమలు ఎగరేశాడు. ఆవిడ గోడవైపు తిరిగింది.

"అయ్యా, గంటలు నేనే తప్పు లెక్కేశాను. మీరొచ్చేదాకా వాటికి గాలి చాలదు. గాలిపంపు పట్టుకుని పన్నెండింటికల్లా గేటు దగ్గర ఉండండి."

అవతల మంచం కిర్రుమంది. "ఇది ముందు చెప్పాలి కదమ్మా."

ఆ మధ్యాహ్నం బంగారుచేప అడిగినామెకు నత్తల పొట్లం కట్టిచ్చింది. నాలుగు కొట్టినప్పుడు తనే ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. "నువ్వు పీల్చుకో వదినా, నీ గాలి వాటికి అందదు," అన్నాడు మరిది. లారీకి లోడెత్తే వేళ దాటిపోతున్నా అతను కదల్లేదు.

ఐదూ నలభైకి ఫోను మోగింది.

"ఒకటి ఈదుతోంది. రెండోది పక్కకి ఒరిగిపోయింది."

"నీళ్లలోనే పట్టుకోండి. పంపు గొట్టం మూతి ముందుంచండి. వదలకండి."

ఫోనులో బుడగల చప్పుడు వినిపించింది. మరిది కుర్చీ అంచుకు జరిగాడు.

"మొప్ప ఆడుతోంది," అన్నాడాయన. మళ్లీ బుడగలు. "ఆ... జారిపోయింది నా చేతిలోంచి. ఈదుతోందమ్మా, కాస్త వంకరగానే."

ఆవిడ ఫోను పెట్టేసి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే గుడ్డతో తుడవసాగింది.

"ఈసారి పంపే ముందు..." అన్నాడు మరిది.

"అడుగుతాలే," అంది తల తిప్పకుండా. "టీ తాగుతావా?"

అతను టీకి వస్తున్న ఈ పన్నెండేళ్లలో ఆవిడ తనంతట తానుగా రెండో టీ ఇస్తాననడం అదే మొదటిసారి. మరిది ఆ లెక్క మాత్రం పైకి చెప్పలేదు.